రిసీవర్ వస్తది

'చిక్కడపల్లి వాగ్భూషణ కళాపరిషత్తు వార్షిక సర్వసభ్య సమావేశం మైకు అస్వస్థత కారణంగా మూడవసారి వాయిదా పడినదని సభ్యులకు, శ్రేయోభిలాషులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.'

ఈ ప్రకటన కిందటి నెల మా హాలు గేటుకు అంటించాం. రాసింది నేనే. పరిషత్తుకు నేను సంయుక్త కార్యదర్శిని. ప్రకటనలు రాయడం, మినిట్స్ రాయడం నా విధులు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. పదకొండేళ్ళుగా ఎన్నికలు జరపలేదు కాబట్టి నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారో లేదో తేలే అవకాశం రాలేదు.

మా హాల్లో అరవై కుర్చీలు. సభకు నలభై మంది దాకా వస్తారు. అందులో పద్నాలుగు మంది వేదిక మీద కూర్చుంటారు. కిందున్న పాతిక మందికి మైకెందుకయ్యా అని అడిగేవాళ్ళు సాహిత్య సభల పద్ధతి తెలియనివాళ్ళు. మైకు లేకుండా మాట్లాడితే అది మాట్లాడటం. మైకులో మాట్లాడితే ప్రసంగం. మా అధ్యక్షులు వీరరాఘవరావు గారు సివిల్ కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన ప్రసంగిస్తారు. మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

రెండేళ్ళ క్రితం దాకా మాకు తీగ ఉన్న మైకే ఉండేది. ఒక సన్మానంలో సన్మానితుడి కాలు ఆ తీగలో చిక్కుకుని ఆయన శాలువాతో సహా మొదటి వరుసలోకి వచ్చేశారు. అప్పుడు తీగ లేని మైకు కొన్నాం. దాంతో పాటు ఒక నల్లపెట్టె వచ్చింది. దానికి రెండు కొమ్ములున్నాయి. మైకు చేతిలో పట్టుకునేది కాబట్టి అది అందరికీ అర్థమైంది. పెట్టె ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. వేదిక మూల స్టూలు మీద పెట్టాం. సన్మానాల్లో మెడల్లోంచి తీసిన దండలు తగిలించడానికి ఆ రెండు కొమ్ములు ఎంతో అనుకూలంగా ఉండేవి. మంచి పూలదండ, నీళ్ళు చల్లిన దండ, ఒక్కో సభకు పదీ పదిహేను వాటి మీదే సేదదీరేవి. ఆ పెట్టె కంపెనీవాళ్ళ ముందుచూపును కార్యదర్శి విఠల్ గారు ఒక సభలో మెచ్చుకున్నారు కూడా.

అలాంటి మైకు ఒక ఆదివారం సాయంత్రం, అధ్యక్షులవారు 'సభకు నమస్కారం' అనగానే 'సభ' దగ్గర ఆగిపోయింది.

వెంటనే మైకు లోప నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. నేనూ సభ్యుణ్ణే. మొదట బ్యాటరీలు అనుమానించాం. హాలు గోడగడియారంలోంచి రెండు తీసి మైకులో వేశాం. మైకు పలకలేదు, గడియారం ఆగింది. ఆ రోజు సమావేశం వాయిదా వేయాలంటూ ఒక్కో వక్తా నలభై నిమిషాలు నోటితోనే ప్రసంగించి, టైము చూసుకోమంటే ఆగిన గడియారం వైపు చూపించారు. రెండో వాయిదాకు అంబర్‌పేట్ నుంచి ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించాం. మైకు దక్షిణాభిముఖంగా పలుకుతున్నదని, అందుకే పలకడం లేదని ఆయన తేల్చారు. వేదికను ఉత్తరానికి తిప్పాం. ఇప్పుడు శ్రోతలు గోడవైపు కూర్చుంటున్నారు. మూడో వాయిదా నాటికి తొమ్మిది పేజీల నివేదిక సిద్ధమైంది. లోపం మైకులో గానీ, వక్తలో గానీ లేదని, శ్రోతల శ్రద్ధాలోపమే మూలమని అందులో నిర్ధారించాం. ఇంత శ్రమించినందుకు ఉపసంఘానికి సన్మానం జరిగింది. దండలు పెట్టెకే తగిలించాం.

ఈ వాయిదాలతో ఎవరికీ నష్టం లేదని మేమనుకున్నాం. ఒక అమ్మాయికి ఉంది. పేరు జ్యోత్స్న.

మా హాలు వెనక ఒక గది ఉంది. పన్నెండు టేబుళ్ళు, నాలుగు ఫ్యాన్లు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నించి రాత్రి తొమ్మిది దాకా అక్కడ చదువుకునేవాళ్ళు. పెద్ద లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే సూర్యుడికంటే ముందు వెళ్ళి సంచీ పెట్టి రావాలి. ఇక్కడ ఆ బాధ లేదు. ఫీజు లేదు. అడిగేవాళ్ళు లేరు. ఇన్ని మంచి లక్షణాలున్న గదిని మా కార్యవర్గం ఊరికే వదిలేస్తుందా? పరిషత్తుకు ఇన్నేళ్ళలో వచ్చిన జ్ఞాపికలు, శాలువాలు, ఫొటోలు పెట్టడానికి దాన్ని 'గౌరవ మందిరం' చేయాలని తీర్మానించాం. సర్వసభ్య సమావేశం ఆమోదించాక మూయాలి. సమావేశం ఎటూ ఆమోదిస్తుంది కాబట్టి ముందే తాళం వేశాం.

జ్యోత్స్నది మక్తల్ దగ్గర ఒక ఊరు. తండ్రి కురుమయ్య ఊళ్ళో పనిలేక నగరానికొచ్చి సెంట్రింగ్ పనిచేస్తాడు. పరీక్ష ముప్పై ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. హాస్టల్ గదిలో ఆరు మంచాలు, ఆరుగురూ ఒకేసారి మేలుకుంటే నడవడానికి చోటు ఉండదు. తాళం తీయమని ఆమె మాకు మూడుసార్లు అర్జీ ఇచ్చింది. మూడుసార్లూ నేనే తీసుకున్నాను. ఫోన్లో సన్మానాల ఫొటోలు చూస్తూ తీసుకున్నాను కాబట్టి కాగితం గుర్తుంది, మనిషి గుర్తులేదు. "సర్వసభ్య సమావేశంలో రెండు నిమిషాలు ఇస్తాం, చెప్పుకోవచ్చు" అని మూడింటి మీదా ఒకే మాట రాశాను.

అంటే మైకు బాగయితే గానీ సమావేశం జరగదు. సమావేశం జరిగితే గానీ ఆమెకు రెండు నిమిషాలు రావు. ఈ సంగతి మాకంటే ముందు ఆమెకే అర్థమైంది. సమావేశం ఆదివారం సాయంత్రమని మేం నాలుగోసారి ప్రకటించగానే ఆమె రాంనగర్ వెళ్ళి, పెళ్ళిళ్ళకు సౌండు పెట్టే నగేష్ అనే అతన్ని బతిమాలి, ఒకసారి చూసిరమ్మని పంపింది. మాకు చెప్పలేదు. చెప్పినా ఉపసంఘానికి పంపేవాళ్ళం.

ముందురోజు శనివారం మధ్యాహ్నం నగేష్ వచ్చేసరికి మేమంతా నారాయణగూడలో ఒక సభ్యుడి షష్టిపూర్తి భోజనంలో ఉన్నాం. హాలు ఊడ్చి, తలుపులు తీసి వేసే కిష్టమ్మ ఒక్కతే ఉంది. అతను మైకు వెలిగించాడు, పెట్టె విప్పాడు, లోపలినుంచి గ్లాసుడు నీళ్ళు, గుప్పెడు బంతిరేకులు బయటికి తీశాడు. ఏదో చీటీ మీద రాసుకున్నాడు. కిష్టమ్మకు నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అధ్యక్షులవారు రాగానే కిష్టమ్మ ఆ నాలుగు మాటలూ అప్పజెప్పింది.

"సారూ, ఎవరో ఒకాయనొచ్చి అంత తిప్పి తిప్పి చూసిండు. కాయితం మీద రాస్కున్నడు. రిసీవర్ లేకుంట మీరేం జేసినా ఫైదా లేదంట. రిసీవర్ రేపు పొద్దుగాల పదింటికి వస్తదంట. అది వచ్చి కూసున్నంక గానీ మీ మాట బయటికి రాదంట."

వీరరాఘవరావు గారు ఉన్నచోటే కుర్చీలో కూలబడ్డారు.

ముప్పై రెండేళ్ళు సివిల్ కోర్టులో పనిచేసిన మనిషి. రిసీవర్ అనే మాటకు ఆయన ఎరిగిన అర్థం ఒక్కటే. ఆస్తి మీద తగాదా పడితే, ఉన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టి కోర్టు తన తరఫున పంపే మనిషి. తాళాలు, పుస్తకాలు, స్టాంపు, అన్నీ తన చేతిలోకి తీసుకునే మనిషి. ఎన్నికలు జరపని పదకొండేళ్ళూ ఆయన కళ్ళముందు వరసగా నిలబడ్డాయి.

"మన మీద ఎవడో దావా వేశాడు. ఈ మధ్యాహ్నం వచ్చినవాడు కోర్టు అమీను. ఉన్న వస్తువులు జాబితా రాసుకుపోయాడు" అన్నారు.

అది మైకు సంగతేమో అన్న అనుమానం మాలో ఎవరికైనా వచ్చిందా అని మీరు అడగవచ్చు. రాలేదు. మాకు మైకు అంటే మైకు, పెట్టె అంటే దండల పెట్టె. దానికొక పేరుంటుందని ఎవరికి తెలుసు?

అత్యవసర కార్యవర్గ సమావేశం జరిగింది. దావా వేసింది నువ్వంటే నువ్వని గంటసేపు గౌరవపూర్వకంగా చర్చించుకున్నాం. ఆ తర్వాత అధ్యక్షులవారు కిష్టమ్మ వాంగ్మూలాన్ని మాటమాటా పరిశీలించి ఒక విషయం పట్టుకున్నారు.

"మగవాడైతే వస్తడు అనాలి. కిష్టమ్మ వస్తది అంది. అది వచ్చి కూసున్నంక అంది. అంటే వచ్చేది ఆడమనిషి."

విఠల్ గారు పుట్టి పెరిగింది ఇక్కడే. ఆయన వెంటనే బలపరిచారు. "కిష్టమ్మ మాటల తప్పుండది సార్. వస్తది అన్నదంటే పక్కా లేడీసే."

తెలంగాణలో ఆడమనిషీ వస్తది, బస్సూ వస్తది, వానా వస్తది, సుల్తాన్ బజార్ నుంచి సామానూ వస్తది. ఇది కార్యవర్గం దృష్టికి రాలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకే అందరం ఇస్త్రీ బట్టల్లో గేటు దగ్గర నిలబడ్డాం. గడియారానికి కొత్త బ్యాటరీలు వేశాం. పుష్పగుచ్ఛం తెచ్చాం. మహిళాధికారి కాబట్టి శాలువాకు బదులు చీర పెడితే బాగుంటుందా, లంచం అవుతుందా అన్నది ఇంకా తేలలేదు.

సరిగ్గా పదింటికి గంజి పెట్టిన కాటన్ చీరలో, చేతిలో ఫైలుతో, ఒక యువతి గేటు తీసుకుని వచ్చింది. ఆ చీర ఆమెది కాదని, "ఆఫీసర్ లెక్క కనిపిస్తేనన్న వింటరేమో" అని హాస్టల్లో పక్క మంచం ఉదయశ్రీ కట్టి పంపిందని నాకు తర్వాత తెలిసింది. నగేష్ పది గంటలకు వస్తానన్నాడని చూడటానికి వచ్చిన జ్యోత్స్న, గుమ్మంలో ఏడుగురు పెద్దమనుషులు చేతులు జోడించి నిలబడి ఉండటం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"రండి మేడమ్" అన్నారు వీరరాఘవరావు గారు. తన కుర్చీ తానే తుడిచి వేశారు.

"నమస్తే సార్. రీడింగ్ రూమ్ గురించి వచ్చిన."

కార్యవర్గం ముఖాలు చూసుకుంది. కోర్టువారికి ముందుగా ఆ గదే కనబడిందన్నమాట!

"శుభ్రం చేయించడానికి తాత్కాలికంగా మూశాం మేడమ్. విఠల్ గారూ, తాళం!"

తాళం తీశారు. మూడు వారాలుగా ఆమె మూడు అర్జీలకూ తెరుచుకోని తలుపు అది. జ్యోత్స్న లోపలికి వెళ్ళి ఒక టేబుల్ మీద చెయ్యి పెట్టి చూసింది. దుమ్ము. ఆమె ఏమీ అనకముందే కోశాధికారి తన జేబురుమాలుతో తుడిచారు.

"రాత్రి తొమ్మిది దాకా తీసి ఉంచుతరా సార్?"

"పది దాకా!"

"ఒక ఫ్యాన్ తిరుగది సార్. ట్యూబులైట్ గూడ..."

"రాసుకోండి" అని నాకు చెప్పారు. రాసుకున్నాను. ఆమె ఇంకా ఏదో అనబోతే ఏడుగురం ముందుకు వంగాం. హాస్టల్ గది సంగతి, ఇరవై మంది పిల్లల సంగతి, పరీక్ష ఎన్నిరోజుల్లో ఉందో, ఒక్కోటీ చెబుతుంటే తలలూపాం. అధ్యక్షులవారు ఒకచోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనెరిగిన పదకొండేళ్ళ పరిషత్తు చరిత్రలో ఒక మనిషి మాటను అంత శ్రద్ధగా విన్న అరగంట ఇంకొకటి లేదు. అదీ మైకు లేకుండా.

"జర రాసిస్తరా సార్? మళ్ళ తాళం వడ్తదేమో అని భయం" అంది చివరికి.

వెంటనే లెటర్‌హెడ్ తెప్పించి అధ్యక్షులవారే చెప్పగా నేను రాశాను: 'రిసీవర్ వారి సమక్షంలో కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించడమేమనగా, పఠన మందిరం యథాతథంగా కొనసాగును.' సంతకాలు, స్టాంపు. ఆమె కాగితం చదువుకుంది. రిసీవర్ అన్నచోట ఒక్క క్షణం ఆగింది గానీ, నగేష్ తెచ్చే పెట్టె సంగతే ఏదో రాశారని అనుకుందేమో, అడగలేదు. కాగితం ఫైల్లో పెట్టుకుంది. నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు, సంబంధం లేకుండా, చాలా సంతోషమేసింది.

పదకొండుంబావుకు గేటు ముందు స్కూటర్ ఆగింది. నగేష్ ఒక అట్టపెట్టె పట్టుకుని లోపలికి వచ్చాడు.

"లేటయింది, ఏమనుకోకుండ్రి సార్. సుల్తాన్ బజార్ల దుకాణం దెర్వలే. ఇగో, రిసీవర్!"

స్టూలు మీదున్న నల్లపెట్టె తీసి, దాని స్థానంలో అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టాడు. రెండు కొమ్ములూ పైకి లేపాడు. మైకు మీట నొక్కగానే పెట్టె మీద ఒక పచ్చదీపం వెలిగింది. "మైకుల ఏం లోపం లేదు సార్. అది మొదటిసంది మంచిగనే పంపుతుండె. అందుకునేటిదే నీళ్ళల్ల మునిగింది. ఇగ దీని మీద దండలు ఏస్కోకుండ్రి. అక్కా, అయిపాయె నీ పని" అన్నాడు జ్యోత్స్న వైపు తిరిగి.

కార్యవర్గం పెట్టెను చూసింది. పెట్టె మీంచి కళ్ళు తిప్పి జ్యోత్స్నను చూసింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ ఎవరినీ చూడలేదు.

"ఏమ్మా, ఎవరు నువ్వు?" అన్నారు వీరరాఘవరావు గారు. ఆ గొంతులోంచి 'మేడమ్' ఎంత తేలిగ్గా జారిపోయిందో చెప్పలేను.

"మూడుసార్లు అర్జీ పెట్టిన సార్. జ్యోత్స్నని."

ఆయన న్యాయం తెలిసినవారు. ఆవేశపడలేదు. కాగితం ఒకసారి ఇమ్మని తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. "రిసీవర్ సమక్షంలో తీర్మానించినట్టు ఇందులో ఉంది. తీర్మానం పదిన్నరకు జరిగింది. రిసీవర్ వచ్చింది పదకొండుంబావుకు. కాబట్టి ఈ తీర్మానం చెల్లదు" అన్నారు. విఠల్ గారు తాళం వేసి వచ్చారు.

"అట్లెట్ల సార్? పొద్దున గీ మాటలే చెప్తే అందరు మంచిగ విన్నరు గద?" అంది జ్యోత్స్న.

"సాయంత్రం రెండు నిమిషాలు ఇస్తామన్నాం. మైకు కూడా బాగయింది. ఇంకేం కావాలి?"

సాయంత్రం ఆరింటికి సమావేశం అట్టహాసంగా జరిగింది. నలభై మూడు మంది వచ్చారు. మైకు పలికిన తీరు చెప్పి తీరాలి. అధ్యక్షులవారు గొంతు సవరించుకుంటే గేటు బయట బండి మీద మిర్చి బజ్జీలు వేసేవాడు తల తిప్పి చూశాడు. నగేష్‌కు సన్మానం చేశాం. ఉపసంఘానికి మరోసారి చేశాం. తొమ్మిది ప్రసంగాల తర్వాత, 'ఇతర అంశాలు' కింద, ఆమెకు మైకు ఇచ్చారు.

"నా పేరు జ్యోత్స్న. సెంట్రింగ్ పనిచేసే కురుమయ్య బిడ్డను. మా హాస్టల్ రూముల ఆరుగురం ఉంటం. మంచం మీదనే తింటం, మంచం మీదనే చదువుతం. మీ గదిల పన్నెండు టేబుళ్ళున్నయి. మెమెంటోలు గోడకు పెట్టినా మంచిగనే ఉంటయి సార్. మాకు గోడ మీద కూసుని చదువుడు రాదు. ఇయ్యాల పొద్దున నేను ఇంకెవరో అనుకొని తలుపు తీసిన్రు. నేను ఇంకెవరో కాదు. ఒక్కటే అడుగుతున్న. నేను నేనే అని తెలిసినంక గూడ ఆ తలుపు తీయుండ్రి."

మైకు కింద పెట్టింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

చప్పట్లు మారుమోగాయి. మా హాల్లో అంత చప్పట్లు నేను వినలేదు. "ఎంత స్పష్టంగా వినబడిందండీ!" అన్నారు మొదటి వరుసలోని ఒక పెద్దాయన. "చివరి వరుసకు కూడా ఒక్క అక్షరం పోలేదు" అన్నారు ఇంకొకరు. వీరరాఘవరావు గారు లేచి, పరికరం నాణ్యతకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదని, ఆ అమ్మాయిది మైకుకు నప్పే గొంతు అని అభినందించి, గౌరవ మందిరం తీర్మానాన్ని సభ ముందు పెట్టారు. ఆమోదించారు. టిఫిన్లు వచ్చాయి.

జ్యోత్స్న ప్లేటు తీసుకోలేదు. వెళ్తూ నా దగ్గర ఆగింది. "మినిట్స్‌ల నేను చెప్పింది రాస్తరా సార్?" అంది. రాస్తానన్నాను.

రాశాను కూడా. 'అంశం 14: కుమారి జ్యోత్స్న రెండు నిమిషాలు ప్రసంగించారు. మైకు సంతృప్తికరంగా పనిచేసింది.' ఆమె చెప్పింది నాకు వినబడక అలా రాశాననుకుంటారేమో, కాదు. ప్రతి మాటా వినబడింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండుసార్లు విన్నాను. ఆమె చెప్పింది రాస్తే దాని కింద మేం చేసింది రాయాలి. అది రాయడానికి నాకు సిగ్గేసింది. చేసినప్పుడు అంత సిగ్గు వేయలేదు.

నిన్నటి ఆదివారం ఆ మినిట్స్ సభలో చదివి వినిపించాను. అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తవచ్చని మైకులో మూడుసార్లు అడిగాను. ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను, నిజంగానే చూశాను. మీరూ మూడో వరుసలో, ఫ్యాను కింద కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.